చాచా చుక్కలు, మాయా నగరం

హద్దురాయి మీద చెయ్యి పెట్టి చెప్తున్న: ఇందులో ప్రతి అక్షరం నిజం. దేవుని మీద ఒట్టేసేటోళ్లు మస్తుమంది ఉంటరు, ఆయన సాక్ష్యానికి రాడన్న ధైర్యంతోని. హద్దురాయి అట్ల కాదు. పాతిన చోట పాతినట్టే ఉండి, నలభై ఏండ్లకైనా మన అబద్ధం బయటపెడుతది. సర్వేయరుగ పనిచేసి, మోకాళ్లు మొరాయించినయని టైముకన్న ముందే నౌకరి వదిలి ఇంట్ల కూసున్నోణ్ణి నేను. నా మాటలు సగానికి సగం కోసి వినాలని మా ఇంటామె చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. ఈ ఒక్క ముచ్చటకు మాత్రం కోత పెట్టకుండ్రి.

కొత్తగ సర్వే నౌకర్లకొచ్చిన తమ్ముళ్లూ, చెల్లెండ్లూ! మీరు మూడు కాళ్ల స్టాండు మీద మిషను పెట్టి, ఆకాశంల ఉపగ్రహాన్ని అడిగి కొలత తీసుకుంటున్నరు. మంచిదే. నేను మాత్రం మాయా నగరాన్ని ముప్పై మూడు అడుగుల ఇనుప గొలుసుతోని కొలిచిన. నవ్వకుండ్రి. సముద్రాల అవతల మెక్సికో దిక్కు అడవులల్ల మెట్ల గోపురాలు కట్టిన్రు చూడు, ఆ మాయా వాళ్ల నగరం సంగతే చెప్తున్న. అది ఒక్క రోజుకు మన భూపాలపల్లి అడవికి వచ్చింది. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి జనం దాన్ని చూడనీకి ఎగబడ్డరు. గుట్ట మీద ఎంత మందంటే, చీమలు ఆ రోజు సెలవు పెట్టినయి.

తెలంగాణ కోసం ఊరూరికీ టెంటు పడ్డ రోజులవి. అప్పటికి ఆ మూడు ఊర్లూ ఒకే జిల్లాల ఉండె. నా పోస్టింగు మహబూబాబాద్‌ల, మా నోటికి మానుకోట. భూపాలపల్లి దిక్కు సర్వేయరు కుర్చీ ఖాళీగ ఉన్నదని కొన్ని నెలల కోసం నన్ను అక్కడికి పంపిన్రు. నా వెంట చాచా వచ్చిండు.

చాచా అంటే మా సర్వే గొలుసు పట్టి లాగే మనిషి. డోర్నకల్ ఆయనది. రైలు కూతలు వినుకుంట పెరిగిండు కాబట్టి మెల్లగ మాట్లాడుడు రాదు. నాకన్న పదిహేనేండ్లు పెద్ద. అయినా నన్ను "సాబ్" అనేటోడు, నేను "చాచా" అనేటోణ్ణి. రెండు జేబుల నిండ వేయించిన చింతగింజలు. నడుస్తుంటే గలగల. ఎదురుంగ మనిషి కనపడకముందే చాచా వస్తున్నడని తెలిసేది.

చదువు రాలేదు. కానీ లెక్క తప్పడు. గొలుసు ఒక్కసారి పరిస్తే సున్నంతోని పక్క బండ మీద ఒక చుక్క పెడుతడు. ఐదు చుక్కలైతే వాటికి బదులు ఒక అడ్డగీత. రెండు గీతలు, వాటి మీద మూడు చుక్కలు అంటే పదమూడు గొలుసులు. నేను మొదట్ల నవ్విన. తర్వాత నా పుస్తకంల అంకె తప్పి, ఆయన బండ మీది చుక్కలు సరిపోయినప్పుడు నవ్వు బందుపెట్టిన.

చాచాకు రాని పని ఇంకోటి ఉన్నది. అబద్ధం. ఒకసారి నేను సినిమాకు పోయి, "పెద్దసారు ఫోన్ చేస్తే ఫీల్డుల ఉన్ననని చెప్పు" అన్న. పెద్దసారు ఫోన్ చేసిండు. చాచా ఫోన్ పట్టుకొని చెమటలు కక్కుకుంట, "సాబ్ ఫీల్డుల ఉన్నడని చెప్పమన్నడు సార్" అన్నడు. ఆ మెమో ఇంకా నా పెట్టెల ఉన్నది.

ఇగ నా తప్పు చెప్తా. అడవి అంచున ఒక గుట్ట. దాన్ని రాయి కొట్టే కంపెనీకి ఇయ్యాలని పైనుంచి కాయితం వచ్చింది. గుట్ట మీద ఏమన్నా ఉన్నదా, ఖాళీయేనా అని సర్వేయరు ఎక్కి చూసి నక్షా గీసియ్యాలె. బయట ఎండ. చాయ హోటల్ల ఫ్యాను. పాత నక్షా చేతిల ఉన్నది. మా శాఖల దీన్ని బల్ల సర్వే అంటరు: కాళ్లు చెయ్యాల్సిన పని బల్ల మీద చెయ్యితోని చేసుడు. రెండో చాయ అయ్యేలోపల నక్షా దించి, కింద రాసిన: "ఖాళీ గుట్ట. బండలు తప్ప ఏమీ లేవు." సంతకం గూడ మంచిగ పెట్టిన, కింద తోక తిప్పి.

రెండు నెలలకు కంపెనీవాళ్లు హద్దులు చూపియ్యమన్నరు. అప్పుడు తప్పలేదు. నేనూ చాచా గొలుసు పట్టుకొని గుట్ట ఎక్కినం.

పైకి పోయి చూస్తే, నా సంతకం నా గొంతుకు అడ్డం పడ్డది. ఇండ్లున్నయి! రాతి ఇండ్లు. నాలుగు దిక్కుల నాలుగు పలకలు, మీద ఏనుగు పండుకున్నట్టు ఒక్కటే కప్పుబండ. ముందు పలకకు గుండ్రటి తొర్ర, ఒక మనిషి పాకుకుంట పోయేటంత. ఒకటి కాదు, రెండు కాదు, చెట్ల నడుమ వాడకట్టు లెక్క వరసగ. ఏ కాలపోళ్లు నిలబెట్టిన్రో, ఏ క్రేను పెట్టి లేపిన్రో.

"సాబ్," అన్నడు చాచా, మెల్లగ మాట్లాడనీకి కోషిష్ చేసుకుంట. "మీరు ఖాళీ అని రాసింది గిదేనా?"

అంతల ఒక రాతి ఇంట్ల నుంచి ఒక అవ్వ పాకుకుంట బయటికి వచ్చింది. కింద గూడెం ఆమె. చేతిల ఖాళీ చాట. కొత్త జొన్నలు ఇంటికి రాంగనే మొదటి గుప్పెడు ఆ రాతి ఇంట్ల పెట్టి రావాలెనట. గూడెంల ఇంటికొక రాతి ఇల్లు ఉన్నది, ఎవరిది వాళ్లకు ఎరుకే.

"మా పెద్దలుండే ఇండ్లు నాయినా," అన్నది. మమ్ములను కూసోబెట్టి సొరకాయ బుర్రల నుంచి అంబలి పోసింది. "ఎవడో కాయితం మీద రాసిండట, ఈడ ఏం లేదని. పేల్చుతరట. వాని కండ్లు కాకులు పొడువ! మీరు చదువుకున్నోళ్లు గదా, వాడెవడో జర ఎరుకైతే చెప్పుండ్రి."

అంబలి సల్లగ ఉన్నది. నాకు మాత్రం కాల్తున్నది. చాచా నా దిక్కు చూడలే. చూస్తే బాగుండు.

హద్దులు గొలుసుతోని కొలిచినం, చాచా చుక్కలు బండల మీద, రాతి ఇండ్ల పలకల మీద పడ్డయి. మర్నాడే పెద్దసారు దగ్గరికి పోయిన. "సార్, గుట్ట మీద ఏవో కట్టడాలు కనపడుతున్నయి."

ఆయన ఫైలు తిప్పి నా సంతకం మీద వేలు పెట్టిండు. "ఇది నీదే గదా? ఇప్పుడు ఉన్నయంటే అప్పుడు అబద్ధం రాసినట్టు. నౌకరి పోతది. రాళ్లే గదయ్యా, రాళ్ల కోసం ఎవడన్న నౌకరి పోగొట్టుకుంటడా? శుక్రవారం మొదటి పేలుడు. పో, చాయ తాగు."

చాయ తాగనీకే పోయిన. ఆ హోటలు ఉద్యమం టెంటును ఆనుకొని ఉండె. టెంటుల రిలే దీక్షల కూసున్నోళ్లు కూడ మెడ తిప్పి హోటల్ టీవీనే చూసేటోళ్లు. ఆ వారమంతా టీవీల ఒక్కటే లొల్లి. మాయా వాళ్ల క్యాలెండరు అయిపోతున్నది, శుక్రవారంతోని ప్రపంచం ఖతం! యాంకరమ్మ ఒకటే గుండెలు బాదుకునుడు. వెనక అడవిల పాడుపడ్డ గోపురాలు. రాళ్ల మీద మాయా వాళ్ల అంకెలు చూపిస్తున్నరు: చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు. పొద్దున అదే, సాయంత్రం అదే.

బుధవారం నాడు ఆ అవ్వ కట్టెల మోపు అమ్మనీకి వచ్చింది. హోటలు ముందు మోపు దించి టీవీ దిక్కు చూసింది. చూసి, టెంటు దాక వినపడేటట్టు కేకేసింది.

"ఓ సారూ! గివి మా గుట్ట మీద ఉన్నయి గదా! గిట్లనే! చుక్కలు, గీతలు!"

టెంటు కన్వీనరు ఒక బడి పంతులు. దీక్షల ఉన్నడు కాబట్టి ఆకలి మీద ఉన్నడు, ఆకలి మీద ఉన్నోనికి ఏదైనా రుచే. "ఏందవ్వా? మాయా అంకెలా? మన గుట్ట మీదనా?"

"నేను జూసిన. రాతి ఇండ్ల మీద తెల్లగ ఉన్నయి. నీకు అనుమానముంటే ఎక్కి చూడు, నీ కాళ్లకేమన్న రోగమా?"

అందరి కండ్లు నా మీదికి తిరిగినయి. మొన్ననే గొలుసు పట్టుకొని గుట్ట కొలిచినోణ్ణి నేనే గదా. తమ్ముళ్లూ, ఆ క్షణంల "అవి మా చాచా గొలుసు లెక్కలు" అని ఒక్క మాట అంటే కథ అక్కడనే అయిపోయేది. నా నోరు మీకు తెల్వదు. అది నన్ను అడిగి తెరుచుకోదు.

"ఉన్నయి," అన్న. "వాడకట్టు వాడకట్టే ఉన్నది. నగరం అది."

హోటలామె నాకు చాయ ఇచ్చుకుంట, "సార్, ప్యాంటుకు గా సున్నమేంది?" అన్నది. గోడకు ఒరిగిన అని చెప్పిన.

అంతే. సాయంత్రానికి పంతులు గుట్ట ఎక్కి దిగి వచ్చిండు, మనిషి ఊగిపోతున్నడు. శుక్రవారం నాడు వంటావార్పు రోడ్డు మీద కాదు, గుట్ట మీద అని ప్రకటించిండు. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకొని అక్కడనే తిని నిరసన చెప్పుడు మన ఉద్యమానికి అలవాటే. గుట్ట మీద పొయ్యి పెట్టుడు మాత్రం అదే మొదలు. "ప్రపంచం మునిగేదుంటే తెలంగాణ ఇచ్చినంకనే మునగాలె!" అని అట్టల మీద రాయించిండు. ఫోన్లు పోయినయి. టీవీవాళ్లకు కూడ పోయినయి.

శుక్రవారం తెల్లారె. నేను గుట్ట కిందికి పోయేసరికి రోడ్డు కనపడుతలేదు. జనగామ నుంచి బైకుల దండు, ఒక్కొక్క బండి మీద ముగ్గురు, నాలుగో మనిషి లెక్క బియ్యం బస్తా. మానుకోట వాళ్లు డీసీఎం వ్యానుల దిగిన్రు, ఎండుమిరపకాయల సంచితోని. ముసలామెలు, కాలేజీ పోరలు, డప్పులోళ్లు. బొగ్గుబాయి షిఫ్టు దిగినోళ్లు మసి మొఖాలతోనే ఎక్కుతున్నరు.

"మాయా వాళ్లు మన ఉద్యమానికి మద్దతు ఇస్తున్నరా అన్నా?" అని అడిగిండు ఒక జనగామ పిల్లగాడు.

"ఇయ్యకపోతే మన గుట్ట మీద ఎందుకు రాస్తరుర?" అన్నడు పక్కోడు.

మానుకోట నుంచి వచ్చిన ఒకాయన జోరుగ కొట్లాడుతున్నడు: "కొలిచింది మా మానుకోట సర్వేయరు. కాబట్టి సగం నగరం మాకు రాయాలె."

"మొదలు రాష్ట్రం రానియ్యన్నా, నగరం తర్వాత పంచుకుందాం!"

పైన నలభై పొయ్యిలు వెలిగినయి. రాతి ఇండ్ల సందులల్ల పప్పుచారు వాసన. వేల ఏండ్ల తర్వాత ఆ వాడకట్టుల మళ్ల పొగ లేచింది. తొర్రలల్ల పిల్లలు దూరి అవతలి నుంచి కూతలు పెడుతున్నరు. ఒకామె ఒక్కొక్క చుక్కకు బొట్టు పెట్టుకుంట పోతున్నది. నా ఒళ్లు జలదరించింది, నిజం. పేలుడు మందు లారీ కిందనే ఆగిపోయింది. డ్రైవరు లారీ వదిలి పైకొచ్చి అన్నాల బంతిల కూసున్నడు.

పన్నెండు గంటలకు రెండు జీపులు వచ్చినయి. ఒకదాంట్ల మా పెద్దసారు, ఒక కానిస్టేబులు. ఇంకోదాంట్ల పాత కట్టడాల శాఖ నుంచి ఒక మేడం. టీవీల చూసి, పట్నం నుంచి తెల్లారకముందే బయలుదేరి వచ్చిందట. "ఎక్కడండీ ఆ గుర్తులు?" అన్నది. ఆ "అండీ" వినంగనే కోస్తా మనిషని అందరికీ ఎరుకైంది. డప్పు ఆగింది. మన మాటను సినిమాలల్ల జోకరుకు పెట్టినోళ్ల దిక్కు నుంచి వచ్చింది, ఇప్పుడు మన గుట్టను గూడ జోకు చేసి పోతదని పోరలు పళ్లు కొరుకుతున్నరు.

మేడం ఒక చుక్కను వేలితోని గీకింది. వాసన చూసింది.

"ఇది సున్నమండీ. వారం కూడా అయ్యుండదు."

పొయ్యి మీద పప్పు ఉడికే చప్పుడు వినపడ్డది. పెద్దసారు మొఖం ఎర్రగైంది. "జనాన్ని మోసం చేసుడు, పుకార్లు పుట్టిచ్చుడు! ఎవడు చేసిండ్రా ఈ పని?" కానిస్టేబులు లాఠీ సర్దుకున్నడు.

గలగల. చింతగింజలు.

"నేనే సాబ్," అన్నడు చాచా, ముందటికొచ్చి. "గొలుసు లెక్క. నాకు అంకెలు రావు. చుక్కకు ఒకటి, గీతకు ఐదు." డిసెంబరు చలిల ఆయన నుదుటి నుంచి చెమట ధారలు కడుతున్నది. ఈ వయసుల పోలీసు భయం పాపం అనుకున్నరు అందరు.

కానిస్టేబులు చాచా రెక్క పట్టుకున్నడు. కానీ మేడం ఆ దిక్కు చూస్తలేదు. చీర కొంగు నడుముల దోపుకొని, మోకాళ్ల మీద తొర్రలకు పాకి లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాదు. వచ్చేసరికి జుట్టు నిండ బూజు, కండ్లల్ల నీళ్లు.

"సున్నం సంగతి వదిలేయండి," అన్నది. "ఇవి సమాధులండీ. పెద్దల కోసం కట్టిన ఇళ్లు. మాయా వాళ్ల ఆ గోపురాలు ఉన్నాయే, టీవీలో చూపిస్తున్నవి, అవి లేవకముందు ఎన్నో వందల ఏళ్ల నాటివి. ఇంత పెద్ద వరస నేనెక్కడా చూడలేదు."

"నేను చెప్పలే? పెద్దల ఇండ్లని?" అన్నది అవ్వ, గరిటె ఊపుకుంట.

అప్పుడు మేడం సంచిల నుంచి నక్షా తీసింది. నా నక్షా. "మరి ఇందులో ఖాళీ గుట్ట అని ఉందేమిటి? ఈ కాగితం ఉన్నంతకాలం నేను ఆపమన్నా ఆగదు. ఎవరండీ ఎక్కి చూసింది?"

పెద్దసారు నా దిక్కు చూసిండు. ఆ చూపుల నౌకరి ఉన్నది. నా నోట్ల ఏడు అబద్ధాలు వరసగట్టి సిద్ధంగ ఉన్నయి: మంచు పడ్డదని, చెట్లు అడ్డమని, నక్షా మారిపోయిందని. ఒక్కొక్కటి బంగారం లాంటిది. కానిస్టేబులు చేతిల చాచా రెక్క. గరిటె పట్టుకొని అవ్వ.

"ఎవరూ ఎక్కలే మేడం," అన్న. "చాయ హోటల్ల కూసోని నేనే రాసిన."

అవ్వ మెల్లగ నా ముందటికి వచ్చింది. గరిటె నెత్తి మీద పడుతదని కండ్లు మూసుకున్న.

"నువ్వేనా?"

"నేనే అవ్వ."

"నా అంబలి గూడ తాగినవు."

"తాగిన."

"కండ్లు కాకులు పొడువ అన్న గదా. ఇంకా పొడువలే. ఉన్నప్పుడే చూడు, రా!" అని నా మణికట్టు పట్టి లాక్కపోయింది. ఒక్కొక్క ఇంటి ముందు నిలబెట్టి, "ఇది మాది. ఇది మా చెల్లెలోళ్లది. రాసుకో. రాసుకున్నవా?"

కానిస్టేబులు చాచాను వదిలిండు. చాచా సంచిల నుంచి గొలుసు తీసి పరిచిండు. ఇగ చూడుండ్రి! గొలుసు ఒక కొస జనగామ పోరలు, ఇంకో కొస మానుకోట వాళ్లు, నడుమ లారీ డ్రైవరు. "ఒకటీ!" అంటే గుట్టంతా "ఒకటీ!" డప్పు మీద లెక్క. అంత మంది లాగిన గొలుసు మన రాష్ట్రంల ఇంకోటి లేదు. పొద్దు గుంకకముందే నక్షా అయింది. నలభై మూడు ఇండ్లు. మేడం సంతకం, నా సంతకం, కింద చాచా వేలిముద్ర. అవ్వ మమ్ములను చివరి బంతిల కూసోబెట్టి ఉడుకుడుకు అన్నం వడ్డించింది. నాకు పప్పు తక్కువ పోసింది.

ప్రపంచం ఖతం కాలే. పేలుడు ఆగింది, లారీ వాపసు పోయింది. నాకు మెమో వచ్చింది, ఆరు నెలలు సస్పెన్షను. తర్వాత నెల్లికుదురు దిక్కు చెరువు శిఖాలు, అంటే చెరువు నీళ్లు నిలిచే భూములు, కొలువమని పంపిన్రు. మోకాటి లోతు బురద. ఆ బురదల కూడ, నిజం చెప్తున్న, నేను ఎక్కకుండ, దిగకుండ ఒక్క నక్షా గీయలే.

ఒట్టు వేసింది హద్దురాయి మీద. అది కోర్టుకు రాకముందే నేనే చెప్పుకుంట. ఒక్కటి కల్పించిన.

చాచా ఏనాడూ చుక్కలతోని లెక్క పెట్టలే. ఆయన లెక్క చింతగింజలు. ఒక గొలుసు పరిస్తే ఒక గింజ ఎడమ జేబుల నుంచి కుడి జేబులకు. ఐదైతే ఒక గింజ నోట్లకు. చుక్కలు, గీతలు నేను హోటల్ టీవీల చూసి నేర్చుకున్నవి. మంగళవారం తెల్లారంగ, ఒక్కణ్ణే, సున్నం డబ్బా పట్టుకొని గుట్టెక్కి రాసి వచ్చిన. చాచాకు చెప్పలే. నా ప్యాంటు చూసి ఆయనకే ఎరుకైంది.

అంటే ఆ రోజు అంత మంది ముందట "నేనే సాబ్" అన్నది అబద్ధం. చెమట పోలీసు భయానికి పట్టింది కాదు.

వాపసు వచ్చేటప్పుడు బస్సుల అడిగిన: "ఎందుకన్నవ్ చాచా?"

"మీరు దినాం పది ఆడుతరు సాబ్. నేను జిందగీల ఒక్కటి ఆడిన," అని ఒక గింజ నా చేతిల పెట్టిండు. "చూసిన్రా, మీకన్న మంచిగ నమ్మిన్రు."

ఆయన ఇప్పుడు లేడు. ఆయన అబద్ధమాడిండని రాద్దామంటే నా చెయ్యి ఒప్పుకోలే. అందుకే ఆ చుక్కలను, గీతలను ఈ కాయితం మీద ఆయన పేరున పట్టా చేసిన. హద్దురాయికి అభ్యంతరముంటే కోర్టుకు రమ్మనుండ్రి.